కణం సరుకు ఎక్కడ దాస్తుంది, సమాచారం ఎక్కడ దాస్తుంది: కర్నూలు నుంచి ప్రాజెక్టు డైరీ

జూన్, బడి తెరిచాక

తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ ఏడాది పెట్టుకున్న పని ఇది. కణం తన పిండిని, నూనెను, ప్రొటీన్‌ను, రంగును ఏ మూల దాచుకుంటుంది, ఏ రూపంలో దాచుకుంటుంది, ఎలా బతకాలో చెప్పే సమాచారాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది అనేది పుస్తకంలో బొమ్మ చూసి రాసుకోవడం కాకుండా, కర్నూలు చుట్టుపక్కల దొరికే గడ్డలూ గింజలూ కోసి, కోడి అంగట్లో, మటన్ అంగట్లో అడిగి తెచ్చి, మైక్రోస్కోపు కింద పెట్టి మా కళ్లతో చూడాలి.

ఈ పని ఎందుకంటే, ప్రతి ఏటా పరీక్షలో ఒకటే జవాబు వస్తుంది. రిక్తికలు (కణం లోపల ద్రవంతో నిండిన సంచులు) నిల్వ చేస్తాయి, కేంద్రకంలో సమాచారం ఉంటుంది, అంతే, మార్కులు పడిపోతాయి. దేన్ని నిల్వ చేస్తాయి, ఎందుకు అలా నిల్వ చేస్తాయి అని అడిగితే క్లాసంతా మౌనం. ఆ వాక్యాన్నే నమ్ముకుని ఆలుగడ్డ కోస్తే పిండి రిక్తికలో కనిపించదు, శెనక్కాయ కోస్తే నూనె రిక్తికలో కనిపించదు, చింతగింజ కోస్తే అసలు సరుకంతా కణం గోడలోనే ఉంటుంది. పిల్లలకు ఇది చూపించకుండా పాఠం అయిపోయిందనడం నాకు ఇష్టం లేదు.

సామాను: బడిలో ఉన్న స్టూడెంట్ మైక్రోస్కోపు, 400 రెట్ల వరకు చూపిస్తుంది. ఫోటోలకు ఫోనును కంటికటకం మీద ఆనించి పట్టుకోవడమే. షేవింగ్ బ్లేడును సగానికి విరిచి ముక్కలు కోయడానికి. మెడికల్ షాపులో బెటాడిన్, గాయాలకు పూసే అయోడిన్ మందు. మొబైల్ రిపేరు అంగట్లో సర్క్యూట్లు కడగడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా. డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పే మిత్రుడు చిన్న చిన్న సీసాల్లో కణాలకు పట్టించే రంగులు పోసిచ్చాడు: లూగాల్ అయోడిన్ ద్రావణం, నూనెను ఎర్రగా చూపించే సూడాన్ 3, మిథిలీన్ బ్లూ. పాడైపోయిన కాలిక్యులేటర్ ఒకటి కూడా పక్కన పెట్టుకున్నాం, దాని పని తర్వాత చెప్తాను.

జూలై మొదటి వారం, ఉల్లిగడ్డ

కర్నూలులో ఉండి ఉల్లితో కాక దేనితో మొదలుపెడతాం? గడ్డ లోపలి పొరను విరిచి లాగితే పలచగా సాగివచ్చే తొడుగును స్లైడు మీద నీటిచుక్కలో పరిచి, మీద ఒక చుక్క అయోడిన్ వేశాం. పొడుగాటి కణాలు ఒకదానికొకటి అతుక్కుని వరసగా, ప్రతిదానిలో ఓ పక్కకు ఒదిగి గోధుమరంగు చుక్క, అదే కేంద్రకం. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో చూసి దానికి న్యూక్లియస్ అని పేరు పెట్టింది ఈ చుక్కకే. పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి చూసి పోతూ ఉంటే ఒక అమ్మాయి అడిగింది, "సార్, అయోడిన్ వేస్తే పిండి నల్లగా అవుతుందన్నారు కదా, ఇందులో ఏదీ నల్లగా లేదే?" అని.

ఈ ప్రాజెక్టుకు అసలు ప్రశ్న అక్కడే దొరికింది. ఉల్లిగడ్డ భూమిలో కూర్చుని తిండి దాచుకునే భాగమే, కానీ పిండిగా దాచుకోదు. చక్కెరలుగా, ఫ్రక్టాన్లుగా దాచుకుంటుంది. ఫ్రక్టాన్ అంటే ఒక సుక్రోజ్‌కు ఫ్రక్టోజ్ అణువులు తగిలించుకుంటూ పోయిన పొట్టి గొలుసు. ఇది నీళ్లలో కరుగుతుంది, ఉండేది రిక్తికలోనే. కాబట్టి పుస్తకంలో వాక్యం ఉల్లి వరకు నిజం.

రిక్తిక ఎక్కడుందో కంటికి కనబడాలంటే గడ్డ పైవైపు గులాబీరంగు తొడుగు తీసుకోవాలి. ఆంథోసయనిన్ అనే ఆ రంగు రిక్తికలోని నీటిలోనే కరిగి ఉంటుంది, అందుకే కణం నిండా రంగు పరుచుకుని కనిపిస్తుంది. ఎదిగిన మొక్క కణంలో రిక్తికే 80, 90 శాతం చోటు తీసుకోవచ్చు. కవర్ స్లిప్ అంచున చిక్కటి ఉప్పునీళ్లు ఒక చుక్క పెట్టి, అవతలి అంచున టిష్యూ ముక్కతో నీటిని పీల్చి లాగాం. కాసేపటికి గులాబీరంగు గోడల దగ్గరి నుంచి వెనక్కి జరిగి, మధ్యలో చిన్నగా, ముదురుగా ముడుచుకుంది. మంచినీళ్లు అలాగే ఎక్కిస్తే మళ్లీ విచ్చుకుంది. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకు పొర గుండా నీరు పోవడమే ద్రవాభిసరణం, అప్పటివరకు అది ఒక నిర్వచనం వాళ్లకు.

ఎండిన పైపొట్టు కూడా వదలొద్దు. కాలిక్యులేటర్ తెర మీద అంటించి ఉండే పోలరాయిడ్ పొరలను (ఒకే దిశలో కంపించే వెలుతురునే పోనిచ్చేవి) జాగ్రత్తగా ఊడదీసి, ఒకటి స్లైడు కింద, ఒకటి కంటికటకం మీద పెట్టి, పైదాన్ని తిప్పుతూ పోతే ఒక దగ్గర వెలుతురంతా ఆగిపోయి చీకటి అవుతుంది. ఆ చీకట్లో ఉల్లిపొట్టులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు మాత్రం మెరుస్తూ కనిపిస్తాయి. పక్కనే చేమగడ్డ ముక్క పెట్టి చూశాం. అందులో అదే పదార్థం సూదుల కట్టలుగా ఉంది. చేమగడ్డ తోమితే చేతులకు దురద పెట్టేది ఆ సూదుల వల్లే.

జూలై మధ్యలో, ఆలుగడ్డ, బియ్యం

ఆలుగడ్డ కోసిన చోట బ్లేడుతో గీకి, ఆ పాలలాంటి తడిని నీటిచుక్కలో కలిపి చూస్తే చాలు. పెద్ద పెద్ద గుడ్డు ఆకారపు రేణువులు, కొన్ని 100 మైక్రాన్ల దాకా కూడా ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఒక కొసకు దగ్గరగా ఒక కేంద్రం, దాని చుట్టూ వలయాలు. పలచన చేసిన బెటాడిన్‌తోనే కారునలుపు అయిపోతాయి. పిండిలోని అమైలోజ్ గొలుసు మెలిదిరిగి ఉంటుంది, ఆ మెలికల లోపల అయోడిన్ వరసకట్టి కూర్చోవడం వల్ల ఆ నీలం నలుపు. ఈ రేణువు తయారయ్యేది రిక్తికలో కాదు, అమైలోప్లాస్టు అనే చిన్న సంచిలో. అది ఆకులకు పచ్చరంగునిచ్చే హరితరేణువుకు దగ్గరి చుట్టమే. ఆలుగడ్డను వెలుతురులో వదిలేస్తే పచ్చబడేది కూడా ఈ బంధుత్వం వల్లే.

పోలరాయిడ్ల మధ్య ఆలుగడ్డ పిండిని అందరూ ఒక్కసారైనా చూడాలి. ప్రతి రేణువులో నల్లటి శిలువ గుర్తు కనిపిస్తుంది, పై పొరను తిప్పితే గుర్తు కూడా తిరుగుతుంది. లోపల గొలుసులు చెల్లాచెదురుగా కాక ఒక క్రమంలో పేర్చి ఉన్నాయని దానికి అర్థం. అదే స్లైడును స్పిరిట్ దీపం మీద కాస్త వెచ్చబెట్టి మళ్లీ చూస్తే, 60, 70 డిగ్రీలు దాటిన రేణువులు ఉబ్బి ఉంటాయి, గుర్తు మాయమై ఉంటుంది. అన్నం ఉడకడం అంటే లోపల జరిగేది ఇదే.

నానబెట్టిన సోనా బియ్యం గింజ నలిపి చూస్తే రేణువులు ఎంత చిన్నవంటే 400 రెట్లలో కూడా అంచులు కోసినట్టు కనిపించే చుక్కలే, 10 మైక్రాన్ల లోపు. జొన్న రేణువులు ఈ రెండింటికీ మధ్యస్థం. పిల్లలు మూడూ పక్కపక్కన గీసుకున్నారు. రేణువు ఆకారం చూసి ఏ పంటదో పోల్చుకోవచ్చని వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు.

ఇక ఉల్లి దగ్గర వచ్చిన ప్రశ్న. చక్కెరను చక్కెరగానే ఉంచుకోకుండా ఇంత కష్టపడి పిండిగా అల్లడం ఎందుకు? బోర్డు మీద గులాబీరంగు ముడుచుకున్న బొమ్మ మళ్లీ గీసి చెప్పాను. నీరు ఎటు పోవాలో తేల్చేది కరిగి ఉన్న కణికల సంఖ్య, వాటి బరువు కాదు. వంద గ్లూకోజులు విడివిడిగా ఉంటే వంద, గొలుసుగా అల్లుకుంటే ఒకటి, అది కరగని రేణువుగా గట్టిపడితే లెక్కలోకే రాదు. మా రాయలసీమలో వెనకటికి జొన్నలను భూమిలో పాతర వేసేవాళ్లు, పాతరలోకి నీరు దిగితే సరుకంతా పోయినట్టే. కణానికి ఉన్న ఇబ్బంది దాదాపు అదే, సరుకు ఎంత ఉన్నా నీటిని పిలవని రూపంలో ఉండాలి. ఉల్లి మధ్యేమార్గం పట్టింది. గొలుసులు కడుతుంది గానీ పొట్టిగా కడుతుంది, అవి పట్టేంత పెద్ద రిక్తిక, దానికి ఆసరాగా గట్టి గోడ దానికి ఉన్నాయి.

ఆ తర్వాత ఆదివారం, చింతగింజ

ఇది నేను ముందునుంచీ ఎదురుచూసిన స్లైడు. చింతగింజను దోరగా వేయించి తొక్క తీసి, రాత్రంతా నానబెట్టి, బ్లేడుతో వీలైనంత పలచగా కోశాం. బెటాడిన్ వేస్తే పెద్దగా ఏమీ తేలలేదు. లూగాల్ అయోడిన్ వేశాక కణాల లోపల కాకుండా కణాల గోడలు నీలం తిరిగాయి. గోడలు కూడా మామూలు గోడలు కావు, బాగా మందం.

అది పిండి కాదు, జైలోగ్లూకాన్ అనే మరో పొడవాటి చక్కెర గొలుసు. మొక్క దాన్ని గోడకే పూసి పెట్టుకుంటుంది, మొలకెత్తేటప్పుడు గోడనే కరిగించుకుని తింటుంది. చింతగింజల పొడిని ఉడికిస్తే వచ్చే జిగురు ఇదే. గొంగళ్లు నేసేవాళ్లు ఉన్ని దారానికి గంజిగా పెట్టేది, కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు రంపంపొట్టుతో కలిపి మక్కుగా వాడేది కూడా ఇదే పదార్థం. మెంతుల జిగురు వేరే గొలుసు, గాలక్టోమన్నన్, అది కూడా గింజలోని కణాల గోడల్లోదే. "గోడ కణానికి ఆకారాన్నిస్తుంది" అని మాత్రమే చదివిన పిల్లలకు, గోడే తిండి కూడా అనేసరికి ఆశ్చర్యం. నాకైతే ఈ ప్రాజెక్టులో ఈ ఒక్క స్లైడు చాలు అనిపించింది.

జూలై చివర, శెనక్కాయ, ఆముదం

శెనక్కాయ గింజలో దాదాపు సగం బరువు నూనె, పాతిక శాతం దాకా ప్రొటీన్. కదిరి పరిశోధన కేంద్రం విడుదల చేసిన కె-6 రకం విత్తనం ఒక పిల్లవాడు వాళ్ల పొలానికి తెచ్చుకున్న బస్తాలోంచి గుప్పెడు పట్టుకొచ్చాడు. మందు కలపని విత్తనమేనని ముందే కనుక్కున్నాం. పొడిగా ఉన్నప్పుడే పలచటి ముక్క కోసి సూడాన్ 3 వేసి, పది నిమిషాలాగి, ఆల్కహాల్‌తో లైటుగా కడిగి చూస్తే కణం నిండా ఎర్రటి బొట్లు. స్లైడు నలిగిన చోట చిన్న బొట్లు కలిసి పెద్దవై ఉంటాయి గానీ, నలగని కణంలో ఒక్కోటి ఒకటి రెండు మైక్రాన్లే.

మైక్రోస్కోపులో కనిపించని విషయం ఒకటి చెప్పాల్సి వచ్చింది. కణంలో మిగతా పొరలన్నీ జంట వరసల కొవ్వు అణువులతో ఉంటాయి, నూనె బొట్టు చుట్టూ మాత్రం ఒంటి వరసే ఉంటుంది. ఎందుకంటే లోపల నీరు లేదు, నూనె ఉంది. ఆ ఒంటి పొరలో ఒలియోసిన్ అనే ప్రొటీన్లు గుచ్చుకుని ఉండి, గింజ ఎండినా, మళ్లీ తడిసినా బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా చూస్తాయి. గ్రాము నూనెలో 9 కిలోకేలరీలు, గ్రాము పిండిలో 4. చిన్న గింజలో ఎక్కువ తిండి పెట్టాలంటే నూనెను మించింది లేదు.

ఆముదం గింజ నేనే కోశాను, పిల్లలను ముట్టుకోనివ్వలేదు. ఆ పప్పులో రిసిన్ అనే విషం ఉంటుంది, గింజ నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. చేతులకు తొడుగులు, కోసిన బ్లేడు మళ్లీ వాడకుండా పారేయడం, టేబుల్ సబ్బుతో కడగడం తప్పనిసరి. ఈ మాట రెండుసార్లు చెప్పినా ఎక్కువ కాదు. ముక్కను ఆల్కహాల్‌లో నానబెడితే నూనె కరిగిపోతుంది, వంటనూనెలకు లేని ఈ గుణం ఆముదానికి ఉంది. అప్పుడు అయోడిన్ వేస్తే పసుపు గోధుమరంగు ప్రొటీన్ గుళికలు తేలాయి. ప్రతి గుళికలో కోణాలు తేలిన ఒక పెద్ద ముక్క, పక్కన ఒక చిన్న గుండ్రటి బొట్టు. ఆ గుండ్రటి బొట్టులో ఫాస్ఫరస్‌ను ఫైటిక్ ఆమ్లం రూపంలో దాచి ఉంచుతుంది. ఈ గుళికలు గింజలోని రిక్తికలు ప్రొటీన్‌తో నిండి ఏర్పడ్డవే, అంటే రిక్తిక ఇక్కడ మళ్లీ కథలోకి వచ్చింది, కానీ ఉల్లిలో నీళ్లతో నిండినట్టు కాదు.

ఆగస్టు, కార్జం, కొవ్వు

జంతువుల వైపు రావడానికి నాకు కొంచెం టెన్షన్‌గానే ఉండింది, పిల్లల ఇళ్లలో ఏమంటారో అని. ఒకరిద్దరు పిల్లలు ఈ భాగం మేం చూడం అన్నారు, వాళ్లకు వేరే పని ఇచ్చాం. మిగతావాళ్లు నాకంటే ఉత్సాహంగా వచ్చారు.

కార్జంలో దాగి ఉండేది గ్లైకోజన్, గ్లూకోజులు కొమ్మలు కొమ్మలుగా అల్లుకున్న ఉండ. కోసిన తర్వాత ఆలస్యమైతే అక్కడి ఎంజైములే దాన్ని గ్లూకోజ్‌గా విడగొట్టేస్తాయి, అందుకని కోడి అంగడి పక్కనే ఫ్లాస్కులో మరిగే నీళ్లు పెట్టుకుని నిలబడ్డాను. అంగడి భాయ్ "ఏం సార్, ఇక్కడే వండుతారా" అన్నాడు, సంగతి చెప్పాక కార్జం తనే నాలుగు ముక్కలు చేసి వేడినీళ్లలో వేశాడు. బడికి తెచ్చి ఇంకోసారి ఉడికించి, నూరి, గుడ్డలో వడగట్టి, మళ్లీ ఫిల్టర్ కాగితంలో వడగడితే పాలపాలగా ఉండే నీళ్లు వచ్చాయి. లూగాల్ అయోడిన్ రెండు చుక్కలు వేస్తే ఎర్రటి గోధుమరంగు. పక్కనే మామూలు నీళ్లలో అదే అయోడిన్ లేత పసుపు, ఆలుగడ్డ గంజిలో కారునీలం. మూడు టెస్ట్‌ట్యూబులూ వరసగా పెట్టి ఫోటో తీశాం. గ్లైకోజన్‌లో కొమ్మలు చాలా ఎక్కువ, నీలం రావడానికి కావలసిన పొడవాటి మెలికలు లేవు, అందుకే రంగు మారింది.

1857లో క్లాడ్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కార్జం నుంచి దీన్ని వేరుచేశాడు. అంతకుముందు 1855లో ఆయన చేసిన ప్రయోగం పిల్లలకు బాగా నచ్చింది. కార్జాన్ని నీళ్లతో కడిగి కడిగి చక్కెరంతా పోగొట్టి పక్కన పెట్టాడు, మర్నాడు చూస్తే మళ్లీ చక్కెర ఉంది. అంటే చక్కెరను తయారుచేయగల సరుకేదో అందులోనే ఉందని తేలింది.

నీటి లెక్క ఇక్కడ ఇంకా బలంగా పనిచేస్తుంది. ఒక గ్లైకోజన్ ఉండలో 55 వేల దాకా గ్లూకోజులు ఉండొచ్చు. కార్జం కణంలో అవన్నీ విడిపోయి తేలితే గాఢత లీటరుకు 0.4 మోల్ దాకా పోతుంది (మోల్ అంటే కణికల సంఖ్యకు కొలత), చుట్టూ ఉన్న రక్తంలో కరిగినవన్నీ కలిపితే 0.3 చుట్టుపక్కలే. నీరు లోపలికి దూసుకొచ్చి కణం పగిలిపోతుంది. మొక్కకైతే గోడ ఉంది, ఉల్లి లాగా కొంత తట్టుకుంటుంది. జంతువు కణానికి ఆ గోడ లేదు. మొక్కకూ జంతువుకూ తేడాలు రాయమంటే గోడ ఉంది, గోడ లేదు అని రాసి వదిలేస్తారు, గోడ లేకపోతే దాచుకునే పద్ధతే మారిపోవాలని ఎక్కడా రాయరు. పాఠంలో ఈ ముక్క ఉండి తీరాలని నా అభిప్రాయం.

కొవ్వు కోసం మటన్ అంగట్లో అడిగితే మేక కొవ్వు ఒక ముద్ద ఊరికే ఇచ్చారు. దాన్ని సాగదీసి అంచున పలచగా ఉన్న పొరను స్లైడు మీద పరిచి సూడాన్ 3 వేశాం. ఒక్కో కణం అంతా ఒకే ఒక్క ఎర్రటి బొట్టు, కేంద్రకం అంచుకు నెట్టుకుపోయి సన్నటి గీతగా మిగిలింది. శెనక్కాయ కణంలో లెక్కలేనన్ని చిన్న బొట్లు, మేక కొవ్వు కణంలో ఒకే పెద్ద బొట్టు. గ్రాము గ్లైకోజన్ తనతోపాటు రెండు మూడు గ్రాముల నీటిని మోసుకు తిరుగుతుంది, కొవ్వు మోయదు. నడిచే, పరుగెత్తే జీవికి ఎక్కువ కాలానికి దాచే నిల్వ కొవ్వుగా ఉండటం అందుకే.

ఒక పిల్లవాడు "పరుగెత్తేటప్పుడు కాలు కొవ్వునే తింటుందా సార్" అని అడిగినప్పుడు మన భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పాను. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుక్కున్నాడు. కండరం నేరుగా వాడేది ఏటీపీనే. అది కొన్ని క్షణాలకు మించి నిలవ ఉండదు, అయిపోతుంటే ముందు ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత గ్లైకోజన్, కొవ్వు ఆదుకుంటాయి.

ఆగస్టు మూడో వారం, గుడ్డు

దీనికి మైక్రోస్కోపు అక్కర్లేదు. కోడిగుడ్డు పళ్లెంలో పగలగొట్టి పచ్చసొనను నెమ్మదిగా తిప్పితే పైన తెల్లటి చిన్న మచ్చ కనిపిస్తుంది, రెండు మూడు మిల్లీమీటర్లు. పచ్చసొన మొత్తం మొదట ఒకే కణం. సమాచారం ఉన్నది ఆ తెల్లమచ్చలో, మిగతాదంతా సరుకు, సగం నీరు, మూడో వంతు కొవ్వు, మిగిలినదాంట్లో ఎక్కువ ప్రొటీన్. సరుకు ఎంత, సమాచారం ఎంత అనేది ఇంత తేటగా చూపించే వస్తువు ఇంకోటి నాకు తెలియదు.

సెప్టెంబరు, రక్తం, డీఎన్‌ఏ

సమాచారం వైపు మొదలుపెట్టాం. కోడి రక్తం, మేక రక్తం, గడ్డకట్టకుండా సోడియం సిట్రేట్ వేసిన సీసాల్లో తెచ్చాను. స్లైడు మీద పలచగా పరిచి ఆరబెట్టి, కాలేజీ నుంచి తెచ్చిన లీష్మన్ రంగు వేస్తే, కోడి ఎర్రకణాలు కోలగా, మధ్యలో ముదురు కేంద్రకంతో ఉన్నాయి. మేకవి చాలా చిన్నవి, గుండ్రంగా, మధ్యలో ఏమీ లేదు. క్షీరదాల ఎర్రకణాలు ఎదిగేటప్పుడు కేంద్రకాన్ని బయటికి పంపేస్తాయి, పక్షులవి పంపవు.

తర్వాత రెండు గ్లాసుల్లో రెండు రకాల రక్తం కొంచెం కొంచెం పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు కలిపి గాజు కడ్డీతో తిప్పాం. మేక రక్తం నీళ్లలా పలచబడింది. కోడి రక్తం చిక్కబడి, సాగుతూ, కడ్డీ ఎత్తితే గ్లాసంతా పైకి లేచేంత జెల్లీ అయింది. సబ్బు కణాల పొరలను, కేంద్రకం పొరను విప్పేసింది, లోపల చుట్టి ఉన్న డీఎన్‌ఏ దారాలన్నీ, అంటే సమాచారం రాసి ఉన్న దారాలన్నీ, ఒక్కసారిగా పరుచుకున్నాయి. ఉప్పునీళ్లు కలిపి, ఫ్రిజ్‌లో చల్లబెట్టిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గ్లాసు అంచు వెంబడి మెల్లగా జారవిడిస్తే తెల్లటి పోగులు పైకి తేలాయి, కడ్డీకి చుట్టి తీశాం.

ఉల్లిగడ్డతో కూడా అదే పని: ఉప్పు, సబ్బుతో నూరి, 60 డిగ్రీల నీటిలో పావుగంట ఉంచి, చల్లార్చి, వడగట్టి, చల్లటి ఆల్కహాల్. తెల్లటి మబ్బు బాగానే వచ్చింది. కానీ వీడియోల్లో చెప్పినట్టు అలా తేలిందంతా డీఎన్‌ఏ కాదు. మొక్కల నుంచి తీసినప్పుడు అందులో కణం గోడల్లోని పెక్టిన్ అనే జిగురు కూడా బాగా ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు కూడా వస్తాయి, ఆల్కహాల్‌లో అవన్నీ తెల్లగానే విడిపోతాయి. పిల్లలకు ఈ మాట దాచకుండా చెప్పి, శాంపిళ్లు కాలేజీకి పట్టుకెళ్లి మిత్రుడి చేత డైఫినైలమిన్ పరీక్ష చేయించాను. ఘాటు ఆమ్లాలతో, మరిగే నీటితో పని కాబట్టి అది బడిలో చేసేది కాదు. ఆ పరీక్ష డీఎన్‌ఏలో ఉండే డీఆక్సీరైబోజ్ చక్కెర ఉంటేనే నీలం ఇస్తుంది. కోడి రక్తం నుంచి తీసింది గట్టి నీలం, ఉల్లిది లేత నీలం, మేక రక్తానిది ఉందా లేదా అన్నట్టు.

ఈ పదార్థాన్ని మొదట వేరుచేసింది ఫ్రీడ్రిక్ మీషర్, 1869లో, జర్మనీలోని ట్యూబింగెన్‌లో. ఆసుపత్రి నుంచి తెప్పించుకున్న కట్టుగుడ్డల చీములోని తెల్లకణాలే ఆయన ముడిసరుకు. అది సమాచారాన్ని మోస్తుందని గట్టి ఆధారం దొరకడానికి 1944 దాకా, అమెరికాలో ఏవరీ అనే శాస్త్రవేత్త బృందం పని దాకా పట్టింది. దాని నిర్మాణం తేలింది 1953లో.

లెక్కల పీరియడ్ అడిగి తీసుకుని బోర్డు మీద చేసిన లెక్క. డీఎన్‌ఏ దారంలో వరసగా ఉండే ఒక్కో భాగాన్ని ఒక అక్షరం అంటే, ఉల్లి జన్యురాశిలో (డీఎన్‌ఏ ఒక పూర్తి ప్రతిలో) సుమారు 1,600 కోట్ల అక్షరాలు, మనిషిలో సుమారు 310 కోట్లు. అక్షరాలు నాలుగే కాబట్టి ఒక్కోదానికి రెండు బిట్లు చాలు. మనిషిది 800 ఎంబీ లోపు, ఉల్లిది 4 జీబీ. ప్రతి కణంలో రెండు ప్రతులు, అక్షరానికీ అక్షరానికీ 0.34 నానోమీటర్ల దూరం, అంటే మనిషి కణంలో రెండు మీటర్లు, ఉల్లి కణంలో దాదాపు 11 మీటర్ల దారం. వరండాలో తాడు పట్టుకుని 11 మీటర్లు కొలిచి, జూలైలో తీసిన ఉల్లి తొడుగు ఫోటో మళ్లీ తెరిచి, ఆ గోధుమరంగు చుక్క చూపించాం. ప్రతి చుక్కలోనూ ఇంత. హిస్టోన్ ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని, మళ్లీ మడతలు పడి అందులో ఇమిడింది.

ఉల్లికి మనకంటే ఐదు రెట్లు ఎక్కువ ఉందంటే ఐదు రెట్లు ఎక్కువ సమాచారం ఉందని కాదు. 2007లో రయన్ గ్రెగరీ అనే జీవశాస్త్రవేత్త ఈ సంగతినే "ఉల్లి పరీక్ష" అని పిలిచాడు: డీఎన్‌ఏలో ప్రతి ముక్కకూ పని ఉందనేవాళ్లు, ఉల్లికి మనకంటే ఇంత ఎక్కువ ఎందుకో ముందు చెప్పాలి. అందులో చాలా భాగం మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తమ ప్రతులు చేసుకుంటూ పెరిగినవి. అలా గెంతే ముక్కలను మొక్కజొన్నలో కనిపెట్టినందుకు బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో నోబెల్ వచ్చింది.

సరుకుకూ సమాచారానికీ తేడా ఏమిటని చివర్లో పిల్లలనే రాయమన్నాను. ఒక అబ్బాయి రాసింది నాకు చాలా నచ్చింది: "తిండి వాడితే అయిపోతుంది, డీఎన్‌ఏ చదివితే అయిపోదు." ఇంకో అమ్మాయి దాని కింద, "తిండి ఒక్కో కణంలో ఒక్కోలా ఉంది, డీఎన్‌ఏ మాత్రం ఉల్లి వేరులోనూ పొరలోనూ ఒకటే" అని చేర్చింది. డీఎన్‌ఏ మొత్తం కేంద్రకంలోనే ఉండదు, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో కొంచెం ఉంది, మనిషిలో అయితే అది 16,569 అక్షరాలు. మొక్కలకు హరితరేణువుల్లో కూడా ఉంటుంది. చార్టులో ఆ మాట ఎర్రసిరాతో చేర్చించాను.

అక్టోబరుకు పెట్టుకున్న పని

శెనక్కాయ, జొన్న తడిగుడ్డలో మొలకెత్తించి, రోజు విడిచి రోజు ఒక్కో మొలక పప్పు కోసి చూడాలి. శెనక్కాయకు సూడాన్ 3, అయోడిన్ రెండూ. నూనె బొట్లు తగ్గుతూ పోవాలి, మధ్యలో కొంతకాలం పిండి రేణువులు పెరిగి కనిపించాలి, ఎందుకంటే మొలకెత్తే నూనెగింజ కొవ్వును చక్కెరగా మార్చగలదు. 1957లో హాన్స్ కోర్న్‌బర్గ్, హ్యారీ బీవర్స్ ఆ దారిని ఆముదం మొలకల్లోనే చూపించారు. మన శరీరం కొవ్వు ఆమ్లాలతో ఆ పని చేయలేదు. ఆముదం మొలకలు కూడా పెట్టాలని ఉంది, విషం సంగతి వల్ల అవి బడిలో కాకుండా కాలేజీ ల్యాబులో పెట్టి, స్లైడ్లు మాత్రం ఇక్కడికి తెస్తాను. సూడాన్ సీసా అడుగంటింది, దసరా సెలవులకు ముందే ఇంకొంచెం అడిగి తెచ్చుకోవాలి.